యూరప్ కొండబాటలకు బూట్లు: కైలాసగిరి మెట్ల మీదే తేల్చుకోండి

సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ నాలుగుసార్లు చేశాను. 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, మా ఎంవీపీ కాలనీ, మాధవధార, ఎన్‌ఏడీ మీదుగా మళ్లీ కొండ కిందికి చేరేదాకా కాళ్లకు చెప్పుల్లేవు. అందుకే 2019 జూన్‌లో జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి బయల్దేరుతుంటే, "అమ్మా, స్విట్జర్లాండ్‌లో ఒకరోజు కొండల్లో నడుద్దాం, మంచి బూట్లు తెచ్చుకోండి" అని అది అంటే నవ్వొచ్చింది. ఎంత దూరమే అంటే నాలుగున్నర కిలోమీటర్లంది. మా ఇంటి నుంచి ఆర్కే బీచ్ దాకా కూడా లేదు కదా అనుకున్నాను.

ఆ నాలుగున్నర కిలోమీటర్లకే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. మావారి బూటు సోలు బాట మధ్యలో ఊడి చేతికొచ్చింది. రాత్రి హోటల్ గదిలో బకెట్టు కూడా లేక, వాష్‌బేసిన్‌లో కాలు పెట్టుకుని కూర్చున్నప్పుడు అర్థమైంది, నన్ను ఏడిపించింది కొండ కాదు, బూటు. చెప్పుల్లేని పాదం నేలను తడుముకుంటూ, వేళ్లు విప్పుకుంటూ తన దారి తాను చూసుకుంటుంది. బూటులో పెట్టాక ఇక బూటు చెప్పినట్టే వినాలి. కాబట్టి "మాకు నడక అలవాటే" అన్న ధైర్యంతో ఎవరూ బూట్ల విషయం తేలిగ్గా తీసుకోకండి.

ఈ జూన్‌లో మా చెల్లెలు, మరిది వెళ్తున్నారు. రోజూ ఫోన్ చేసి "అక్కా, ఈ జత బావుందా, ఆ జత బావుందా" అని ఫోటోలు పంపుతోంది. ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట రాస్తే మిగతావాళ్లకూ పనికొస్తుందనిపించింది. లెక్కల టీచరుగా 31 ఏళ్లు చేసినదాన్ని, కొలతలు కాస్త ఎక్కువుంటాయి. ఓపిక పట్టండి.

ముందు బాట సంగతి

హైకింగ్ అనగానే కొందరు ఎవరెస్టు ఎక్కేవాళ్ల బూట్లు కొనేస్తారు. కొందరు పొద్దున్న బీచ్ రోడ్డులో వేసుకునే వాకింగ్ షూస్ చాలనుకుంటారు. మనం నడిచే బాట ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లో నడక బాటలే 65,000 కిలోమీటర్ల పైచిలుకు ఉన్నాయి. ప్రతి మలుపులో బోర్డు ఉంటుంది. ఉట్టి పసుపు బోర్డు ఉంటే మామూలు నడక బాట. పసుపు బోర్డు కొసన తెలుపు-ఎరుపు-తెలుపు చారలుంటే కొండబాట, అంటే రాళ్లు, చెట్ల వేళ్లు, ఏటవాలు ఉంటాయి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే వెనక్కి తిరిగి కాఫీ తాగడానికి వెళ్లిపోవాలి, అది పర్వతారోహకుల దారి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్లు కష్టాన్ని బట్టి టీ1 నుంచి టీ6 దాకా దశలు పెట్టారు. టీ1 బాటకు ఆటల బూట్లు చాలని వాళ్లే అంటారు. టీ2 నుంచి ట్రెకింగ్ బూట్లుంటే మంచిదంటారు. పిల్లల దగ్గరికి వెళ్లే మనలాంటివాళ్లం నడిచేది ఎక్కువగా టీ1, ఎప్పుడైనా ఒకటీ అరా టీ2. మేం నడిచిన మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ బాట ఆ సులువైన రకమే. రోప్‌వేలో పైకెళ్లి, ఎదురుగా ఐగర్ శిఖరాన్ని చూసుకుంటూ మెల్లగా దిగడమే.

బోర్డు మీద దూరం రాయరు, టైము రాస్తారు. ఆ టైము చదును నేల మీద గంటకు 4 కిలోమీటర్ల పైచిలుకు నడిచేవాళ్ల లెక్క. ఫోటోలు, మంచినీళ్లు, మావారి మోకాలు అన్నీ కలుపుకుంటే దాన్ని ఒకటిన్నరతో గుణించుకోవాలి.

ఇటలీలో చింక్వె తెర్రె అని సముద్రం పక్కన కొండ మీద అయిదు ఊళ్లున్నాయి. చూస్తే మన భీమిలి రోడ్డు గుర్తొస్తుంది, కాకపోతే కొండ ఇంకా నిటారు. ఊరికీ ఊరికీ మధ్య బాటల్లో మెట్లు, జారుడు రాళ్లు. చెప్పులేసుకుని వచ్చి పడి, సహాయ బృందాలను పిలిపించుకునే యాత్రికులతో విసిగిపోయి, 2019లో అక్కడివాళ్లు రబ్బరు చెప్పులతో బాట ఎక్కితే 50 నుంచి 2,500 యూరోల దాకా జరిమానా అన్నారు. 2,500 యూరోలంటే వైజాగ్ నుంచి ఇద్దరం వెళ్లి వచ్చే విమానం టికెట్లు!

ఇంకో తేడా మనం లెక్కలోకి తీసుకోం. మన చెప్పులన్నీ విడవడానికి వీలుగా ఉండేవి. గుడి ముందు, గుమ్మం ముందు, చుట్టాలింటి ముందు, రోజులో పదిసార్లు విడుస్తాం, పాదానికి గాలి తగులుతుంది. అక్కడ పొద్దున్న 8 గంటలకు వేసుకున్న బూటు రాత్రి 8 దాకా కాలికే ఉంటుంది. కొలోన్ కేథడ్రల్ గుమ్మం ముందు మావారు అలవాటుగా వంగి లేసు విప్పబోతే అమ్మాయి రెక్క పట్టుకుని లేపింది. షాపులో పది నిమిషాలు వేసుకుని "బానే ఉందిలే" అనుకున్న బూటు పన్నెండు గంటల తర్వాత ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలి.

ఇవన్నీ చూశాక నేను తేల్చుకున్నది తేలికపాటి హైకింగ్ షూ, చీలమండ కిందికే ఆగిపోయేది. జత మొత్తం 700 నుంచి 900 గ్రాముల్లో దొరుకుతుంది. చీలమండ దాటి పైకొచ్చే బూట్లు కిలో దాటతాయి, సూట్‌కేసులో సగం చోటు తింటాయి, ఊళ్లో తిరగడానికి పనికిరావు. కాలు తరచూ మడతపడేవాళ్లు, పాత బెణుకు ఉన్నవాళ్లు మాత్రం ఎత్తు బూట్లే తీసుకోండి. మావారికి అవే కొన్నాం.

కొలత దగ్గర తొందరపడొద్దు

బూట్ల షాపుకు సాయంత్రం వెళ్లండి. పొద్దుటి పాదానికీ సాయంత్రం పాదానికీ తేడా ఉంటుంది, రోజంతా నిలబడి పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. ప్రయాణంలో వేసుకోబోయే సాక్సులే తీసుకెళ్లండి. షాపువాళ్లిచ్చే పల్చటి నైలాన్ సాక్సుతో కొలిస్తే కొలత తప్పుతుంది.

అంతకుముందు ఇంట్లో చేసే పని ఒకటుంది. గోడకు మడమ ఆనించి తెల్లకాగితం మీద నిలబడండి. కూర్చుని కాదు, బరువు మొత్తం వేసి. అన్నిటికన్నా పొడవైన వేలు దగ్గర గీత పెట్టమని ఎవరినైనా అడగండి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగు. రెండు పాదాలూ కొలవండి. నా కుడిపాదం 23.6 సెంటీమీటర్లు, ఎడమది 23.9. ఎప్పుడూ పెద్ద పాదానికే కొనాలి.

ఇక నంబర్ల గొడవ. మన షాపుల్లో చెప్పే 5, 6, 7 ఇంగ్లండు పద్ధతి. అందులో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ నంబర్లు 38, 39, 40 వేరే కొలబద్ద. అక్కడ ఒక్కో నంబరుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 6.7 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలబద్దలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అందుకే నా 5 నంబరు ఒక కంపెనీలో 38, ఇంకో కంపెనీలో 38న్నర. పట్టిక నమ్మి ఆన్‌లైన్‌లో తెప్పించి రెండుసార్లు వెనక్కి పంపాను.

అందుకని నంబరు పక్కనపెట్టి ఈ పని చేయండి. బూటు లోపలి మెత్త బయటికి తీసి కింద పెట్టి, సాక్సుతో దాని మీద నిలబడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత, ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా, ఖాళీ ఉండాలి. పక్కలకు పాదం మెత్త దాటి పొంగకూడదు. మనలో చాలామందికి ఇక్కడే తేడా వస్తుంది. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, వట్టికాళ్లతో తిరిగిన పాదాలు వేళ్ల దగ్గర విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. చాలా యూరప్ కంపెనీల బూట్లు ముందు భాగంలో సన్నం. పొడవు సరిపోయి వెడల్పు చాలకపోతే పెద్ద నంబరుకు పోకండి, అప్పుడు మడమ లోపల ఆడుతుంది, బొబ్బ అక్కడే పుడుతుంది. అదే మోడల్‌లో వెడల్పు రకం ఉందేమో అడగండి, లేకపోతే కంపెనీ మార్చండి.

వేసుకుని లేసు కట్టాక షాపులో మెట్లుంటే ఎక్కి దిగండి. జగదాంబ, ద్వారకానగర్ షాపుల్లో చాలావాటికి పై అంతస్తు ఉంటుంది, మొహమాటపడొద్దు. ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగలకూడదు. నా గోరు నల్లబడింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. బూటు సరిగ్గా కాలి కొలతకే ఉండటంతో దిగుతున్నంతసేపూ ప్రతి అడుగుకూ వేలు వెళ్లి బూటు ముందు గోడకు కొట్టుకుంది. ఆ గోరు ఊడి కొత్తది వచ్చేసరికి మళ్లీ సంక్రాంతి దాటింది.

సోలు, నీళ్లు

షాపులో బూటును మడమ దగ్గర ఒక చేత్తో, ముందు ఒక చేత్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. జాగింగ్ బూటు తువ్వాలులా తిరిగిపోతుంది. కొండబాట బూటు కాస్త ఎదురు తిరగాలి. వంచితే వేళ్ల మొదలు దగ్గరే వంగాలి, నడుమ కాదు. రాయి మీద అడుగు వేసినప్పుడు ఆ రాయి అరికాలికి గుచ్చుకోకుండా చూసేది ఈ గట్టిదనమే. అడుగున రబ్బరు గళ్లు లోతుగా, ఎడంగా ఉండాలి. గళ్లు దగ్గరదగ్గరగా ఉంటే మట్టి ఇరుక్కుని సోలు నున్నగా అయిపోతుంది.

సోలు మీద పసుపుపచ్చ అష్టభుజి గుర్తు కనిపిస్తే అది విబ్రామ్ కంపెనీది. విటాలె బ్రమాని అనే ఇటలీ పర్వతారోహకుడి పేరు నుంచి వచ్చిన పేరు. 1935లో ఆల్ప్స్‌లో ఆయన సహచరులు ఆరుగురు చనిపోయారు. అప్పటి బూట్లు ఆ చలికి, ఆ రాళ్లకు సరిపోకపోవడం కూడా ఒక కారణమని ఆయన నమ్మి, 1937లో గళ్ల రబ్బరు సోలు తెచ్చాడు. ఆ గుర్తు లేనివి మంచివి కావని కాదు. నా బూట్లు డెకథ్లాన్ వాళ్ల క్వెచువా, వాటి మీద ఆ గుర్తు లేదు, నాలుగేళ్లుగా బానే ఉన్నాయి.

తడి రాయి మీద పట్టు ఎలా ఉందో షాపులో తెలియదు. ఇంటికొచ్చాక మేడ మీద సిమెంటు గచ్చుపై చెంబెడు నీళ్లు పోసి, గోడ పట్టుకుని నడిచి చూడండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే లౌటర్‌బ్రున్నెన్ లోయలో ట్రుమెల్‌బాఖ్ అని జలపాతాలున్నాయి. కొండ లోపలే దూకుతాయి, లిఫ్టులో పైకెళ్లి తడి మెట్ల మీద దిగాలి. మన బొర్రా గుహల్లో ఒక జలపాతాన్ని పెట్టినట్టు ఊహించుకోండి. అక్కడ నా నున్నటి వాకింగ్ షూస్ సబ్బు మీద పెట్టినట్టు జారాయి. రెయిలింగు లేకపోతే ఏమయ్యేదో.

వాటర్‌ప్రూఫ్ కావాలా అని చెల్లెలు పదిసార్లు అడిగింది. జూన్ మొదట్లో ఎత్తు బాటల్లో ఇంకా మంచు ముద్దలు మిగిలుంటాయి, పొద్దున్న గడ్డి తడిగా ఉంటుంది, జులై ఆగస్టుల్లో మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాలకైతే వాటర్‌ప్రూఫ్ తీసుకోండి. ఇటలీ, స్పెయిన్ ఎండాకాలానికైతే వద్దు, గాలి ఆడే జాలీ బూట్లు మేలు. వాటర్‌ప్రూఫ్ పొర బయటి నీటిని ఆపుతుంది, చెమట ఆవిరిని కొంతవరకే వదులుతుంది. పైగా ఒకసారి చీలమండ పైనుంచి నీళ్లు లోపలికి దిగితే ఇక ఆ పొరే నీళ్లను బయటికి పోనివ్వదు. మన మే నెలలో వాటితో బీచ్ రోడ్డులో నడిస్తే పాదాలు ఇడ్లీ పాత్రలో పెట్టినట్టే ఉంటుంది, దాన్ని చూసి బూటు మంచిది కాదనుకోకండి.

అటక మీది కొత్త బూట్లు

ఇది మావారి కథ. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

2013 మొదట్లో మిత్రులతో కేదార్‌నాథ్ వెళ్దామని ఖరీదైన ఎత్తు బూట్లు కొన్నారు. ఆ జూన్‌లో అక్కడ వరదలొచ్చాయి, ప్రయాణం ఆగిపోయింది. బూట్లు డబ్బాతో సహా అటక ఎక్కాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి అటక మీది సామానంతా తడిసిపోతే, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉన్న బూట్ల డబ్బా ఒక్కటే బతికింది. దాన్నొక శకునంలా చెప్పుకునేవారు. 2019లో దింపితే తోలు నిగనిగలాడుతోంది, ధర చీటీ కూడా ఊడలేదు. "కొత్తవే కదే, మళ్లీ కొనడం దేనికి?" అన్నారు. నేనూ సరే అన్నాను.

క్లైనె షైడెగ్ స్టేషన్ ఇంకో ముప్పావు కిలోమీటరు ఉందనగా ఎడమ బూటు సోలు నోరు తెరిచింది. పది అడుగులు వేశాక పూర్తిగా ఊడింది. అమ్మాయి తన జడ రబ్బరు బ్యాండు, బ్యాగు తాడు కలిపి కట్టింది. టక్ టక్ మని శబ్దం చేసుకుంటూ స్టేషన్ చేరాం. గ్రిండెల్‌వాల్డ్‌లో కొత్త జత 189 ఫ్రాంకులు. అప్పుడు ఫ్రాంకు 70 రూపాయల దగ్గర ఉంది, గుణించుకోండి. ఊడిన బూట్లను ఆయన పారేయనివ్వలేదు, పెట్టెలో పెట్టి వైజాగ్ తెచ్చారు. జగదాంబ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఇస్తే, సోలు అంచు వేళ్ల మధ్య నలిపి చూపించాడు. పొడిపొడిగా రాలింది. "ఏటి బాబూ, కుట్టడానికి ఇందులో ఏటుంది? బిస్కెట్టయిపోయింది" అన్నాడు.

కారణం తర్వాత తెలిసింది. చాలా బూట్లకు తోలుకూ అడుగు రబ్బరుకూ మధ్య పాలీయురెథేన్ నురుగు పొర ఉంటుంది. గాలిలోని తేమ ఏళ్ల తరబడి ఆ పొరను లోలోపల విరగ్గొడుతుంది. వాడకుండా దాచినంత మాత్రాన ఆగే పని కాదు ఇది. సముద్రం పక్కన ఊరు, చెమట కారే గాలి, పైగా మూత బిగించిన ప్లాస్టిక్ కవరు. అంతకన్నా ఏం కావాలి? ఈవీఏ అనే ఇంకో రకం నురుగుకు ఈ జబ్బు లేదు, అది మెల్లగా గట్టిపడి అణిగిపోతుంది, అంతే.

కాబట్టి ఇంట్లో పాత జత ఉంటే, పైన తోలు ఎంత బావున్నా సరే, పక్కనుంచి నడిమి పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి. గీతలు పడినా, పొడి రాలినా, జిగటగా తగిలినా దాన్ని నమ్మొద్దు. అయిదేళ్లు దాటిన జతను, అది వేసుకున్నదైనా వేసుకోనిదైనా, ముందు ఇక్కడ బాగా నడిచి చూడకుండా విమానం ఎక్కించకండి. కొత్తవి కొన్నాక అటక మీద పెట్టకండి. గాలి ఆడేచోట, అప్పుడప్పుడు వేసుకుంటూ ఉంచండి.

మెట్టెలు, సాక్సులు, బొబ్బలు

మెట్టెల సంగతి మగవాళ్లు రాసే సలహాల్లో ఉండదు. నాకు రెండో వేలికి ముత్యం గుండు ఉన్న మెట్టెలుండేవి. చెప్పుల్లో ముప్పై ఏళ్లు ఏ ఇబ్బందీ లేదు. బూటులో, దిగుడు దారిలో, ఆ గుండు పక్కవేలిని కోసేసింది. తీసేద్దామంటే మా అత్తగారి మొహం గుర్తొస్తుంది. రెండోసారి, 2023లో, వెళ్లే ముందు కంసాలి దగ్గర సన్నగా, చదునుగా, గుండు లేకుండా చేయించుకున్నాను. నడిచే రోజు వాటి మీద మెడికల్ టేపు ఒక చుట్టు చుడతాను. కాళ్ల పట్టీలు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. బూటు అంచుకూ ఎముకకూ మధ్య ఇరుక్కుని ఒరుసుకుంటాయి.

సాక్సుల్లో నూలువి వద్దు. నూలు చెమటను పీల్చి తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది, తడిచర్మం ఒరుసుకుని బొబ్బ లేస్తుంది. మెరినో ఉన్ని కలిసినవి కొనండి. ఉన్ని అంటే ఉక్కపోత అనుకుంటాం కానీ, ఇవి పల్చగా ఉంటాయి, వాసన తొందరగా రాదు. ఖరీదు ఎక్కువే, మూడు జతలు చాలు, రాత్రి ఉతుక్కోవచ్చు.

గోళ్లు ప్రయాణానికి నాలుగు రోజుల ముందే అడ్డంగా, మరీ లోతుకు పోకుండా కత్తిరించుకోండి.

నడుస్తున్నప్పుడు ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే, ఆ క్షణమే ఆగండి. "స్టేషన్ చేరాక చూద్దాంలే" అన్నదానికే నాకు రూపాయి బిళ్ల బొబ్బ. బూటు విప్పి, తుడిచి, టేపు వేసుకుంటే అయిదు నిమిషాలు పడుతుంది. మావారికి షుగరు. ఆయన పాదాలకు చురుకు సరిగ్గా తెలియదు కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడం. గంటకోసారి బూటు విప్పించి చేత్తో తడిమి, కళ్లతో చూస్తాను. షుగరున్నవాళ్లు కొత్త బూట్లు అసలు తొందరపడి వాడకూడదు, డాక్టరుకు చూపించుకునే వెళ్లండి.

లేసు కట్టడంలో ఒక కిటుకు ఉంది. చాలా బూట్లకు చీలమండ దగ్గర చివర్లో ఒక అదనపు రంధ్రం ఉంటుంది, మనం వదిలేస్తాం. లేసును అటుపక్క రంధ్రంలోకి తిప్పకుండా, అదే పక్క పై రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండు పక్కలా అలా చేశాక, కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి తీసి లాగి కట్టండి. మడమ కదలదు. ఎక్కేటప్పుడు పాదం మీద కాస్త వదులుగా, దిగే ముందు ఆగి బిగించి కట్టుకోవాలి. ఈ ఒక్కదానితో నా గోరు బతికి ఉండేది.

మన ఊళ్లో పరీక్ష

కనీసం ఆరు వారాల ముందు కొనండి. మొదటి వారం ఇంట్లోనే, శుభ్రమైన గచ్చు మీద, రోజుకో గంట వేసుకోండి. వంట చేస్తూ వేసుకున్నాను, మా పనిమనిషి బుగ్గలు నొక్కుకుంది. మాసిపోకుండా ఉంటే నచ్చకపోయినా మార్చుకోవచ్చు.

రెండో వారం బీచ్ రోడ్డు, పొద్దున్న బండ్లు రానివ్వని వేళ, మూడు నాలుగు కిలోమీటర్లు. అక్కడ చదును కాబట్టి ఎక్కడ ఒరుసుకుంటుందో మాత్రమే తెలుస్తుంది. ఇసుకలోకి దిగొద్దు. ఇసుక బూటుకు పరీక్ష కాదు, కుట్ల మధ్య ఇరుక్కుంటే ప్రయాణమంతా రాలుతూనే ఉంటుంది.

మూడో వారం నుంచి కైలాసగిరి. రోప్‌వే వైపు చూడకుండా మెట్ల దారిన ఎక్కండి. పైన శివపార్వతుల దగ్గర కాసేపు కూర్చుని, మళ్లీ మెట్ల మీదే దిగండి. అసలు పరీక్ష ఆ దిగడమే. వేళ్లు ముందుకు తగిలాయా, మోకాలు లాగిందా, మడమ ఆడిందా రాసుకోండి. వీపుకు ప్రయాణంలో మోసే బ్యాగు, అందులో రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. బరువు పెరిగితే పాదం ఇంకాస్త పరుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయిదున్నరకే మొదలుపెట్టి ఏడుకల్లా దిగిపోవాలి, లేకపోతే పరీక్ష బూటుకు కాదు, మనకు.

ఒక ఆదివారం కంబాలకొండ అడవి బాటలో నడవండి, మట్టి, చెట్ల వేళ్లు, రాళ్లు అన్నీ ఉంటాయి. తొట్లకొండ కూడా మంచిదే. చలికాలంలో ప్రయాణమైతే పాడేరు దగ్గర వనజంగి కొండకు తెల్లవారుజామున వెళ్లండి. మబ్బులు చూడటం ఎలాగూ ఉంది, ఆ మంచు తడిసిన గడ్డిలో బూటు వాటర్‌ప్రూఫో కాదో తేలిపోతుంది. సింహాచలం మెట్లు ఎందుకు వద్దని చెల్లెలు అడిగింది. అవి చెప్పులు విడిచి ఎక్కే మెట్లు. అప్పన్న దగ్గర బూటు పరీక్షలు పెట్టలేం కదా.

మొత్తం మీద 40 కిలోమీటర్లు ఇక్కడే నడిచి ఉండాలని నా లెక్క. అంతలో బొబ్బ రాకపోతే అక్కడా రాదు.

పెట్టెలో ఏవి, కాళ్లకు ఏవి

మూడు జతలకు మించొద్దు. హైకింగ్ బూట్లు, ఊళ్లో తిరగడానికి మెత్తటి వాకింగ్ షూస్, గదిలోకి హవాయి చెప్పులు. ప్రాగ్, రోమ్ వీధుల్లో రాళ్లు పరిచి ఉంటాయి. సన్నటి సోలు చెప్పులతో సాయంత్రానికి అరికాళ్లు మండిపోతాయి. అందుకని ఆ రెండో జత కూడా దళసరి సోలుదే ఉండాలి. పెళ్లిళ్లకు వేసుకునే ఎత్తు మడమ చెప్పులు ఆ రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. హవాయి చెప్పులు మాత్రం మర్చిపోకండి. జర్మనీ, ఆస్ట్రియా ఇళ్లల్లో కూడా మనలాగే గుమ్మంలోనే బూట్లు విడుస్తారు, ఇంట్లోకి వేరే చెప్పులు వేసుకుంటారు.

వైజాగ్ నుంచి యూరప్‌కు నేరుగా విమానం లేదు, ఢిల్లీ లేదా హైదరాబాద్ లేదా ఇంకో చోట మారాలి. దేశీయ టికెట్ విడిగా కొంటే చాలావాటిలో 15 కిలోల సామానే. ఆవకాయ, కందిపొడి, మనవడికి జంతికలు తీయలేం కాబట్టి బరువైన బూట్లు కాళ్లకే వేసుకోండి. విమానంలో కూర్చోగానే లేసులు బాగా వదులు చేయండి, పాదాలు వాస్తాయి. సెక్యూరిటీ దగ్గర విప్పమంటారు, మీ వెనక ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. పెట్టెలో పెట్టే జత లోపల సాక్సులు, ఛార్జరు కుక్కేస్తే చోటు కలిసొస్తుంది.

అక్కడ బూట్లు తడిస్తే హీటరు మీద పెట్టకండి, జిగురు విడిపోతుంది. లోపలి మెత్త తీసేసి, న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. పొద్దుటికి ఆరతాయి.

నిన్న చెల్లెలు కైలాసగిరి మీద నుంచి ఫోటో పంపింది. మరిది రోప్‌వేలో వచ్చి ఐస్‌క్రీం తింటున్నాడు. తను మాత్రం మెట్లెక్కింది, బూట్లు బావున్నాయి. ఎడమకాలి లేసు చివరి రంధ్రంలోకి ఎక్కించలేదు. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి.